పై లీగ్ నుంచి ఫోన్ వచ్చేదాకా: ఐస్ హాకీ ఆటగాడి వృత్తి జీవితం

అందరికీ నమస్కారం.

2025 ఏప్రిల్ 6న అలెక్స్ ఒవెచ్‌కిన్ ఎన్‌హెచ్‌ఎల్‌లో, అంటే ఉత్తర అమెరికాలోని అగ్రశ్రేణి ఐస్ హాకీ లీగ్‌లో, తన 895వ గోల్ కొట్టాడు. వేన్ గ్రెట్జ్‌కీ 1999లో రిటైరయ్యేనాటికి 894 గోల్స్ దగ్గర ఆపి వెళ్లిన రికార్డు ఆ క్షణాన చెరిగిపోయింది. ఆట ఆపి వేడుక చేశారు. గ్రెట్జ్‌కీ స్వయంగా వచ్చి అభినందించాడు. ఈ ఆటతో పెద్దగా పరిచయం లేనివాళ్లు కూడా ఆ వార్త చూసే ఉంటారు. ఐస్ హాకీ ఆటగాడి కెరీర్ అనగానే కళ్లముందు మెదిలేది ఇలాంటి సందడే. రికార్డులు, కప్పులు, కోట్ల డాలర్ల కాంట్రాక్టులు.

అదంతా నిజమే. కానీ ఈ వృత్తినే నమ్ముకున్నవాళ్లలో ఆ సందడి దక్కేది బహు కొద్దిమందికి. మిగతావాళ్ల కెరీర్ చిన్న ఊళ్ల రింకుల్లో, రాత్రి బస్సుల్లో, ఫిజియోథెరపీ బల్లల మీద, పై లీగ్ నుంచి ఫోన్ వస్తుందా రాదా అన్న టెన్షన్‌లో గడిచిపోతుంది. ఆ భాగాన్ని వదిలేస్తే మనం చెప్పుకునేది విజేతల జాబితా అవుతుంది, ఒక వృత్తి కథ కాదు. అందుకే ఈ రోజు ఎక్కువ సమయం దాని మీదే పెడతాను.

ముందు ఆట గురించి క్లుప్తంగా. ఉత్తర అమెరికాలో రింక్ పొడవు 200 అడుగులు, వెడల్పు 85 అడుగులు. ఒక్కో జట్టుకు మంచు మీద ఆరుగురు: గోల్ కాపాడే గోలీ ఒకడు, ఇద్దరు డిఫెన్స్‌మన్, ముగ్గురు ఫార్వర్డ్‌లు. పక్ అంటే గట్టి రబ్బరు బిళ్ల. మూడంగుళాల వెడల్పు, ఒక అంగుళం మందం, సుమారు 160 గ్రాముల బరువు. ఎగిరిపడకుండా ఉండాలని మ్యాచ్‌కు ముందు దాన్ని ఫ్రీజర్‌లో పెడతారు. జెడెనో చారా అనే డిఫెన్స్‌మన్ 2012లో ఒక పోటీలో దాన్ని గంటకు 175 కిలోమీటర్ల వేగంతో కొట్టాడు. ఆ దారికి అడ్డంగా కావాలని పడుకుని, ఒంటితో పక్‌ను ఆపడం కూడా ఈ ఉద్యోగంలో ఒక భాగం.

ఆట ఇరవై నిమిషాల చొప్పున మూడు భాగాలు. ఒక ఆటగాడు మాత్రం ఒక విడతలో మంచు మీద ఉండేది దాదాపు 45 సెకన్లే. దాన్ని షిఫ్ట్ అంటారు. ఆ 45 సెకన్లూ ఒంట్లో ఉన్న సత్తువంతా పెట్టి స్కేట్ చేస్తాడు, ఢీకొంటాడు, పడతాడు, లేస్తాడు, మళ్లీ బెంచీ మీదికి వచ్చి ఆయాసం తీర్చుకుంటాడు. ఆట ఆగకుండానే మనుషులు మారిపోతుంటారు. జట్టులో ముఖ్యమైన డిఫెన్స్‌మన్ ఒక మ్యాచ్‌లో పాతిక నిమిషాలు ఆడవచ్చు. ఫార్వర్డ్‌లు ముగ్గురేసి చొప్పున నాలుగు లైన్లుగా వంతులవారీగా దిగుతారు. నాలుగో లైన్‌లో ఉండే ఫార్వర్డ్‌కు ఎనిమిదో పదో నిమిషాలు దొరుకుతాయి. అంటే తనేంటో చూపించుకోవడానికి అతనికి ఒక రాత్రిలో దొరికేవి పన్నెండు పదమూడు షిఫ్టులు. అందులో ఒక్క తప్పటడుగు గోల్‌కు దారితీస్తే, ఆ రాత్రి మిగతాదంతా బెంచీ మీదే కూర్చోవలసి రావచ్చు. ఈ కెరీర్‌లోని భయాలన్నీ ఇక్కడే పుడతాయి.

ఇక ఆటగాడు తయారయ్యే తీరు. కెనడాలో పిల్లలు నాలుగైదేళ్లకే స్కేట్స్ కట్టుకుంటారు. గ్రెట్జ్‌కీ ఆంటారియోలోని బ్రాంట్‌ఫర్డ్‌లో పుట్టాడు. తండ్రి వాల్టర్ ఇంటి పెరట్లో నీళ్లు పోసి గడ్డకట్టించిన రింక్ మీద ఆట నేర్చుకున్నాడు. ఈ కథ అందరూ చెబుతారు. దాని తర్వాతి మెట్టు గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ప్రతిభ ఉన్న పిల్లవాడు పదహారేళ్లకే ఇల్లు వదలాలి. ఆంటారియో, క్వెబెక్, పశ్చిమ కెనడా ప్రాంతాలకు మూడు పెద్ద జూనియర్ లీగులున్నాయి. పదహారు నుంచి ఇరవై ఏళ్లవాళ్లు అక్కడ ఆడతారు. జట్టు ఎక్కడుంటే అక్కడికి వెళ్లి, ఆ ఊళ్లో ఒక కుటుంబం ఇంట్లో ఉంటారు. వాళ్లను బిల్లెట్ కుటుంబం అంటారు. ముక్కూమొహం తెలియని ఇంట్లో ఒక గది, ఉదయం బడి, మధ్యాహ్నం ప్రాక్టీస్, వారాంతం బస్సు. చాలామంది ఆటగాళ్లు ఎంత పెద్దవాళ్లయినా ఆ బిల్లెట్ అమ్మానాన్నలతో బంధం నిలుపుకుంటారు. ఈ వ్యవస్థలో నాకు నచ్చే విషయం అదే.

నచ్చనిది కూడా చెప్పాలి. జూనియర్ ఆటగాడికి జీతం పేరుతో అందేది చేతిఖర్చులకు సరిపడే డబ్బు. అయినా అమెరికా కాలేజీ క్రీడల సంస్థ ఆ లీగుల్లో ఆడినవాళ్లను ప్రొఫెషనల్స్ కింద లెక్కగట్టి, కాలేజీ హాకీలోకి దశాబ్దాలపాటు రానివ్వలేదు. పదహారేళ్ల పిల్లవాడు చదువు దారా, జూనియర్ దారా అన్నది అప్పుడే తేల్చుకోవాలి. ఒకసారి ఒక దారి పడితే రెండోది మూసుకుపోయేది. 2024 నవంబరులో ఆ నిబంధన మార్చారు, 2025 ఆగస్టు నుంచి అది అమల్లోకి వచ్చింది. ఎంతో ముందే జరగాల్సిన పని.

బస్సు అన్నాను కదా. పశ్చిమ కెనడా మైదానాల్లో ఊరికీ ఊరికీ మధ్య వందల కిలోమీటర్లు. చలికాలం, మంచు పట్టిన రోడ్లు, రాత్రి ప్రయాణాలు. 2018 ఏప్రిల్ 6న సస్కాచెవాన్‌లో హంబోల్ట్ బ్రాంకోస్ అనే జూనియర్ జట్టు ప్లేఆఫ్ మ్యాచ్‌కు వెళ్తుంటే, ఒక కూడలిలో వాళ్ల బస్సూ ఒక లారీ ఢీకొన్నాయి. పదహారు మంది చనిపోయారు. ఆ వారమంతా కెనడాలో ఎంతోమంది తమ గుమ్మాల ముందు హాకీ స్టిక్‌లు నిలబెట్టి ఉంచారు. కొడుకునో తమ్ముణ్నో అలాంటి బస్సు ఎక్కించి పంపిన ఇళ్లు ఆ దేశంలో అన్ని ఉన్నాయి మరి.

పద్దెనిమిదేళ్లకు డ్రాఫ్ట్ వస్తుంది. ఎన్‌హెచ్‌ఎల్‌లోని 32 జట్లు ఏడు రౌండ్లలో మొత్తం 224 మందిని ఎంచుకుంటాయి. ఎంచుకున్నంత మాత్రాన ఉద్యోగం వచ్చినట్టు కాదు. ఆ కుర్రాడితో కాంట్రాక్ట్ కుదుర్చుకునే హక్కు ఆ జట్టుకు వచ్చినట్టు, అంతే. పద్దెనిమిదేళ్ల వయసులో ఎవరు ఏమవుతారో అంచనా వేయడం ఎంత కష్టమో చెప్పడానికి 1993 డ్రాఫ్ట్ చాలు. అలెగ్జాండ్రె డేగ్‌ను ఆటావా జట్టు అందరికంటే ముందు తీసుకుంది. ఒక్క మ్యాచ్ కూడా ఆడకముందే అయిదేళ్లకు కోటీ ఇరవై లక్షల డాలర్లకు పైగా కాంట్రాక్ట్ ఇచ్చింది. రెండో స్థానంలో వెళ్లిన ఆటగాణ్ని ఎవరూ గుర్తుపెట్టుకోరన్న అర్థంలో డేగ్ అప్పుడు ఒక మాట అన్నాడు. ఆ రెండో కుర్రాడు క్రిస్ ప్రాంగర్. 2000లో లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడిగా హార్ట్ ట్రోఫీ అందుకున్నాడు, 2015లో ఆట దిగ్గజాలకు దక్కే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. డేగ్ 616 మ్యాచ్‌లు ఆడి 129 గోల్స్ కొట్టాడు.

ఇక్కడ డేగ్ పక్షాన ఒక మాట చెబుతాను. అతణ్ని వైఫల్యానికి ఉదాహరణగా ముప్పై ఏళ్లుగా వాడుతున్నారు. 616 ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్‌లు ఆడటం వైఫల్యమా? ఆ సంఖ్యలో సగం ఆడే భాగ్యం కలిగినా చాలనుకునేవాళ్లు వేలమంది ఉంటారు. పద్దెనిమిదేళ్ల పిల్లవాడి భుజాన పెద్దవాళ్లు మోపిన అంచనాలకు అతణ్ని ఇన్నేళ్లు దోషిని చేయడం నాకు అన్యాయం అనిపిస్తుంది. డ్రాఫ్ట్ చివర్లో దొరికిన మాణిక్యాలూ ఉన్నారు. పావెల్ దత్సుక్ 1998లో 171వ వాడు, హెన్రిక్ జెటర్‌బర్గ్ 1999లో 210వ వాడు, హెన్రిక్ లుండ్‌క్విస్ట్ 2000లో 205వ వాడు. ముగ్గురూ తమ తరంలో మేటి ఆటగాళ్లయ్యారు.

డ్రాఫ్ట్ అయినవాళ్లలో ఎక్కువమంది తర్వాత వెళ్లేది కింది లీగులకు. ఎన్‌హెచ్‌ఎల్ కింద ఏహెచ్‌ఎల్, దాని కింద ఈసీహెచ్‌ఎల్. ఏహెచ్‌ఎల్ 1936 నుంచి ఉంది. ప్రతి ఎన్‌హెచ్‌ఎల్ జట్టుకూ అందులో ఒక అనుబంధ జట్టు ఉంటుంది. కొత్త ఆటగాడి కాంట్రాక్ట్ సాధారణంగా టూ-వే కాంట్రాక్ట్. పై జట్టుతో ఉన్న రోజుకు ఒక జీతం, కింది జట్టులో ఉన్న రోజుకు వేరే జీతం. ఆ రెంటికీ ఎంత తేడా అంటే, పైన వారం రోజులు ఉంటే అద్దె, అప్పు, పెళ్లి ఖర్చు లాంటి లెక్కలన్నీ మారిపోతాయి. పైన ఎవరికో చీలమండ బెణికితే ఇక్కడ ఫోన్ మోగుతుంది. రాత్రికి రాత్రి బ్యాగు సర్దుకుని విమానం ఎక్కాలి. గాయపడినవాడు కోలుకోగానే మళ్లీ కిందికి. సాటి ఆటగాడి గాయం తన అవకాశంగా మారే ఉద్యోగం మనసుకు ఎంత బరువో ఒక్కసారి ఊహించండి.

దీనికి తోడు వేవర్స్ అనే నిబంధన ఉంది. కొంత వయసు, కొంత అనుభవం దాటిన ఆటగాణ్ని కిందికి పంపాలంటే ముందు అతని పేరును మిగతా జట్లన్నింటి ముందూ పెట్టాలి. 24 గంటల్లో ఏ జట్టయినా అతణ్ని తీసేసుకోవచ్చు. తీసుకుంటే మర్నాడే కొత్త నగరం. భార్య, పిల్లలు, బడి, అద్దె ఇల్లు అన్నీ వెనకాల మిగిలిపోతాయి. ఎవరూ తీసుకోకపోతే కింది లీగ్‌కు వెళ్లాలి. పైగా, నిన్ను ఎవరూ కోరుకోలేదన్న వార్త అందరికీ తెలిసిపోయాక వెళ్లాలి.

కింది లీగ్‌లో అసలు పరీక్ష ఆటకంటే మనసుకే ఎక్కువ. జూనియర్‌లో ఏడాదికి యాభై గోల్స్ కొట్టిన కుర్రాడికి కోచ్ చెబుతాడు: ఇక్కడ నీ పని గోల్స్ కొట్టడం కాదు, ప్రత్యర్థి గోల్స్ ఆపడం. మనవాళ్లు పెనాల్టీలో కూర్చున్నప్పుడు ఒకడు తక్కువగా ఆడి కాపాడటం, షాట్‌కు అడ్డం పడటం, పక్ మన గోల్ దగ్గర్నుంచి బయటికి పంపడం. చిన్నప్పటి నుంచీ తన గురించి తాను అనుకున్నదంతా పక్కన పెట్టి ఆ పని నేర్చుకున్నవాడు పదేళ్లు ఆడతాడు. నేర్చుకోలేనివాడు తన యాభై గోల్స్ జ్ఞాపకంతో ఇంటికెళ్తాడు. ఎన్‌హెచ్‌ఎల్‌లో మూడో, నాలుగో లైన్‌లో కనిపించే ఆటగాళ్లలో చాలామంది ఒకప్పుడు తమ ఊరి స్టార్లే.

ఈ లీగుల నుంచి పైకి వచ్చినవాళ్లలో నాకు అత్యంత ఇష్టమైన ఆటగాడు మార్టిన్ సెయింట్ లూయీ. ఎత్తు అయిదడుగుల ఎనిమిదంగుళాలు. డ్రాఫ్ట్‌లో 200 మందికి పైగా పేర్లు పిలిచినా అతని పేరు పిలవలేదు. వెర్మాంట్ విశ్వవిద్యాలయంలో ఆడి, క్లీవ్‌లాండ్‌లో, సెయింట్ జాన్‌లో కింది లీగులు తిరిగి, కాల్గరీ జట్టులో చోటు సంపాదించాడు. రెండు సీజన్లలో కాల్గరీ అతనికి 69 మ్యాచ్‌లు ఇచ్చింది. అవీ ఎక్కువగా కింది లైన్లలోనే. నాలుగు గోల్స్ వచ్చాయి. 2000లో వదిలేసింది. టాంపా బే తీసుకుంది. నాలుగేళ్ల తర్వాత, 2003-04 సీజన్‌లో అతను లీగ్ మొత్తంలో అత్యధిక పాయింట్లు (గోల్స్, గోల్‌కు దారితీసిన పాస్‌లు అంటే అసిస్ట్‌లు కలిపిన లెక్క) సాధించాడు, హార్ట్ ట్రోఫీ అందుకున్నాడు. లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ ఫైనల్లో ఎదుట నిలిచింది ఎవరనుకున్నారు? కాల్గరీయే. సిరీస్ చేజారిపోయే స్థితిలో, ఆరో మ్యాచ్‌లో, కాల్గరీ గడ్డ మీదే, రెండో ఓవర్‌టైమ్ మొదలైన 33 సెకన్లకు సెయింట్ లూయీ గోల్ కొట్టి టాంపాను నిలబెట్టాడు. ఏడో మ్యాచ్ గెలిచి కప్ కూడా వాళ్లే తీసుకెళ్లారు. 2013లో 37 ఏళ్ల వయసులో మళ్లీ పాయింట్లలో అగ్రస్థానం. అంత వయసులో ఆ ఘనత ఇంకెవరికీ దక్కలేదు.

ఇలాంటి కథలు విన్నప్పుడు కష్టపడితే ఎవరైనా పైకి వస్తారని అనిపిస్తుంది. అది సగం నిజమే. సెయింట్ లూయీ అంత కష్టపడ్డవాళ్లు, అతనంత ఓర్పు ఉన్నవాళ్లు ఎంతోమంది ఏహెచ్‌ఎల్‌లోనే ఆగిపోయారు. ఒక కోచ్ నమ్మడం, ఒక జట్టులో ఖాళీ ఉండటం, ఒక శీతాకాలం గాయం లేకుండా గడవడం, ఇవన్నీ కలిసి రావాలి. విల్లీ ఓరీ జీవితం చూస్తే ఈ మాట ఇంకా బాగా అర్థమవుతుంది.

ఆయన 1935లో న్యూ బ్రన్స్‌విక్‌లోని ఫ్రెడరిక్టన్‌లో పుట్టారు. 1958 జనవరి 18న మాంట్రియల్‌లో బోస్టన్ బ్రూయిన్స్ తరఫున మంచు మీదికి దిగారు. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడిన తొలి నల్లజాతి ఆటగాడు ఆయనే. బోస్టన్ 3-0తో గెలిచింది. ఆ రోజు స్టేడియంలో ఉన్నవాళ్లకు తెలియని సంగతి ఇంకొకటి ఉంది. ఆయనకు కుడి కన్ను దాదాపు కనిపించదు. జూనియర్‌లో ఆడుతుండగా పక్ తగిలి చూపు పోయింది. డాక్టర్ ఆట మానేయమన్నారు. ఆయన మానలేదు, ఎవరికీ చెప్పలేదు. లెఫ్ట్ వింగ్‌లో ఆడేవారు కాబట్టి పాస్ వచ్చేది కుడివైపు నుంచి, అంటే కనిపించని వైపు నుంచి. ప్రతిసారీ తల పూర్తిగా తిప్పి చూడాలి. గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో వెళ్తూ, ఢీకొట్టడానికి కాచుకున్న మనుషుల మధ్య.

ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆయన ఆడింది మొత్తం 45 మ్యాచ్‌లు. నాలుగు గోల్స్, పది అసిస్ట్‌లు. ప్రత్యర్థుల నుంచి, ప్రేక్షకుల నుంచి జాతి పేరుతో తిట్లు, దెబ్బలు. 1961 తర్వాత ఆ లీగ్‌లో మళ్లీ అవకాశం రాలేదు. ఎన్‌హెచ్‌ఎల్ అధికారిక పుస్తకంలో చూస్తే ఆయన కెరీర్ ఒక్క గీత. అయితే ఓరీ 1979 వరకు ప్రొఫెషనల్‌గా ఆడుతూనే ఉన్నారు. లాస్ ఏంజెలెస్‌లో, శాన్ డియేగోలో, పశ్చిమ తీరపు కింది లీగ్‌లో. లాస్ ఏంజెలెస్‌లో కోచ్ ఆయన్ను రైట్ వింగ్‌కు మార్చడంతో పక్ కనిపించే కంటివైపు నుంచి రావడం మొదలైంది, గోల్స్ వరదలా వచ్చాయి. ఆ లీగ్‌లో రెండుసార్లు అత్యధిక గోల్స్ ఆయనవే.

దీన్ని నేను ఓడిపోయినవాడి కథగా చూడను. ఇరవై ఏళ్లకు పైగా ఒక వృత్తిలో నిలబడి, ఇంటిని పోషించుకుని, తను పనిచేసిన చోట అందరికంటే మెరుగ్గా పనిచేసిన మనిషి కథ ఇది. ఆయన తర్వాత ఎన్‌హెచ్‌ఎల్‌లో మరో నల్లజాతి ఆటగాడు, మైక్ మార్సన్, అడుగుపెట్టింది 1974లో. పదమూడేళ్లు ఆ తలుపు మూసే ఉందంటే లోపం ఆటగాళ్లలో లేదని వేరే చెప్పక్కర్లేదు. ఓరీని హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకోవడానికి 2018 దాకా పట్టింది. బోస్టన్ ఆయన 22వ నంబర్ జెర్సీని 2022 జనవరి 18న శాశ్వతంగా పక్కన పెట్టింది.

ఇప్పుడు శరీరం గురించి మాట్లాడాలి. ఇది కాస్త ఎక్కువసేపు చెబుతాను.

హాకీలో దెబ్బను పంటి బిగువున భరించడం గొప్ప. 1964 స్టాన్లీ కప్ ఫైనల్ ఆరో మ్యాచ్‌లో టొరంటో ఆటగాడు బాబీ బాన్ కాలు విరిగి స్ట్రెచర్ మీద బయటికి వెళ్లాడు. నొప్పి తెలియకుండా ఇంజెక్షన్ చేయించుకుని తిరిగొచ్చి, ఓవర్‌టైమ్‌లో గెలుపు గోల్ కొట్టాడు. 2013 ఫైనల్లో బోస్టన్ ఆటగాడు పాట్రిస్ బెర్జెరాన్ విరిగిన పక్కటెముకతో, కీలు తప్పిన భుజంతో ఆడాడు. చివరికి ఊపిరితిత్తికి చిల్లు పడింది. ఆ ఇద్దరి ధైర్యానికీ నేను తల వంచుతాను. కానీ ఆ కథలను పదే పదే చెప్పి, పదహారేళ్ల పిల్లలకు అదే ఆదర్శమని నూరిపోయడాన్ని మాత్రం ఒప్పుకోలేను. నాలుగో లైన్‌లో ఉన్నవాడు తల తిరుగుతోందని డాక్టర్‌కు చెబితే అతని చోటు ఇంకొకడికి పోతుంది. అతను చెప్పడు. వ్యవస్థే అతని నోరు నొక్కేస్తోంది.

రక్షణ సామగ్రి చరిత్ర చూడండి. 1959 నవంబర్ 1న న్యూయార్క్‌లో మాంట్రియల్ గోలీ జాక్ ప్లాంట్ మొహానికి షాట్ తగిలి రక్తం కారింది. కుట్లు వేయించుకుని, మాస్క్ లేకుండా మళ్లీ ఆడనన్నాడు. కోచ్‌కు మాస్క్ అంటే ఇష్టం లేదు. రెండో గోలీ లేడు కాబట్టి ఒప్పుకోక తప్పలేదు. అంతకుముందు దశాబ్దాలపాటు గోలీలు ఒట్టి మొహంతోనే నిలబడ్డారు. 1968 జనవరిలో మిన్నెసోటా ఆటగాడు బిల్ మాస్టర్టన్ తల మంచుకు కొట్టుకుని చనిపోయాడు. హెల్మెట్ తప్పనిసరి అయింది 1979లో, అదీ కొత్తగా వచ్చేవాళ్లకు మాత్రమే. హెల్మెట్ లేని చివరి ఆటగాడు క్రెయిగ్ మాక్‌టావిష్ 1997లో రిటైరయ్యాడు. కళ్లకు అడ్డుగా వైజర్ 2013లో తప్పనిసరి చేశారు, మళ్లీ కొత్తవాళ్లకే. గొంతు విషయమూ అంతే. 1989లో బఫెలో గోలీ క్లింట్ మలార్‌చుక్ గొంతు స్కేట్ బ్లేడుకు తెగింది, చావు అంచుదాకా వెళ్లి బతికాడు. 2023 అక్టోబర్‌లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆడం జాన్సన్ అలాంటి గాయంతోనే చనిపోయాడు. ఎన్‌హెచ్‌ఎల్‌లో కొత్త ఆటగాళ్లకు గొంతు కవచం తప్పనిసరి చేసే ఒప్పందం 2025లో కుదిరింది, అమలు 2026-27 సీజన్ నుంచి. ప్రతిసారీ ఒక మనిషి రక్తం కారాలి, ఆ పైన ఏళ్లు గడవాలి.

కనిపించే గాయాలకే ఇంత ఆలస్యమైతే, మెదడు గాయాల సంగతి చెప్పనక్కర్లేదు. డెరెక్ బూగార్డ్ అనే ఆటగాడు ఉండేవాడు. ఆరడుగుల ఏడంగుళాలు. మిన్నెసోటా, న్యూయార్క్ రేంజర్స్ జట్లకు 277 మ్యాచ్‌లు ఆడి మూడే గోల్స్ కొట్టాడు. అతని ఉద్యోగం కొట్లాట. తన జట్టు స్టార్ల మీద ఎవరైనా చెయ్యి వేస్తే గ్లవ్స్ విసిరేసి పిడికిళ్లతో దిగడం. ఆ పాత్రకు ఎన్‌ఫోర్సర్ అని పేరు. 2011 మేలో, 28 ఏళ్లకే, మద్యం, నొప్పి మాత్రలు ఎక్కువై చనిపోయాడు. బోస్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు అతని మెదడును పరీక్షించి, పదే పదే తలకు దెబ్బలు తగిలేవాళ్లలో వచ్చే సీటీఈ అనే జబ్బు ఉందని తేల్చారు. ఈ పాత్రను కోరుకుని ఏ పిల్లవాడూ స్కేట్స్ కట్టుకోడు. పై లీగ్‌లోకి వెళ్లడానికి నీకున్న దారి ఇదొక్కటేనని పెద్దవాళ్లు చెబితే ఒప్పుకుంటాడు. మూడు వందల మందికి పైగా మాజీ ఆటగాళ్లు వేసిన కన్‌కషన్ (తల దెబ్బలతో మెదడు అదిరే గాయం) దావాను 2018లో ఎన్‌హెచ్‌ఎల్ దాదాపు కోటీ తొంభై లక్షల డాలర్లతో పరిష్కరించుకుంది, తప్పు ఒప్పుకోకుండానే. మనిషికి చేతికందిన నగదు ఇరవై రెండు వేల డాలర్లు. ఆ మొత్తం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. ఈ మధ్య కాలంలో కొట్లాటలు బాగా తగ్గాయి, అందుకు మాత్రమే ఉండే ఆటగాళ్లు దాదాపు కనుమరుగయ్యారు. అది మంచి మార్పు.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను. 1957లో డెట్రాయిట్ ఆటగాడు టెడ్ లిండ్సే ఆటగాళ్ల సంఘం పెట్టబోతే అతణ్ని షికాగోకు పంపించేశారు. సంఘం నిలదొక్కుకున్నది 1967లో. అంతకాలం ఒకరి జీతం ఒకరికి తెలియదు. గోర్డీ హౌ అంతటివాడు లీగ్‌లో అందరికంటే ఎక్కువ జీతం తనదేననుకున్నాడు. కాదని అతనికి చెప్పింది, ఇందాక విరిగిన కాలితో గోల్ కొట్టాడన్నానే, ఆ బాబీ బాన్. అప్పటికి ఇద్దరూ ఒకే జట్టులో ఉన్నారు, బాన్ జీతమే హౌ జీతంకంటే ఎక్కువ. సంఘానికి తొలి అధినేత అలన్ ఈగిల్‌సన్ కూడా 1998లో మోసం నేరాలు ఒప్పుకుని జైలుకెళ్లాడు. ఇప్పుడు సంఘం గట్టిగా ఉంది. 2025-26లో ఎన్‌హెచ్‌ఎల్ కనీస జీతం ఏడాదికి 7,75,000 డాలర్లు. మహిళల లీగ్ పీడబ్ల్యూహెచ్‌ఎల్ 2024 జనవరి 1న మొదలైనప్పుడు కనీస జీతం 35,000 డాలర్లు. ఈ తేడా చూసి బాధపడతాను. అదే సమయంలో, అంతకుముందు తరం ఆడవాళ్లు జీతమే లేకుండా, పగలు ఉద్యోగం, రాత్రి ప్రాక్టీస్‌తో గడిపారు కాబట్టి, ఆ 35,000కు విలువ లేదని కూడా అనలేను.

చివరిగా, కెరీర్ ముగిసే రోజు. అది ఎప్పుడొస్తుందో ఎవరి చేతిలోనూ లేదు. గోర్డీ హౌ 52 ఏళ్ల వయసులో ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడాడు, కొడుకులతో కలిసి ఒకే జట్టులో. యారోమిర్ యాగర్ 1,733 ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్‌లు ఆడి, సొంత ఊరు క్లాద్నోకు వెళ్లి యాభై దాటాక కూడా స్కేట్స్ విప్పలేదు. మరోవైపు బాబీ ఓర్. డిఫెన్స్‌మన్‌గా ఉంటూ లీగ్ పాయింట్లలో అగ్రస్థానం సాధించిన ఏకైక ఆటగాడు. మోకాళ్లకు ఆపరేషన్ మీద ఆపరేషన్. 1978లో, ముప్పై ఏళ్లకే ఆట ముగిసింది. 31వ ఏట హాల్ ఆఫ్ ఫేమ్. ఇంతవరకు అంత చిన్న వయసులో ఆ గౌరవం ఎవరికీ దక్కలేదు. దక్కకపోయినా ఫర్వాలేదు, ఇంకో పదేళ్లు ఆ మోకాళ్లు నిలిచుంటే బాగుండేదని ఓర్ ఆట చూసినవాళ్లందరూ అంటారు.

ఆట తర్వాత ఏం చేయాలన్నది ఆడుతుండగానే ఆలోచించినవాళ్లు తక్కువ. అందుకే కెన్ డ్రైడెన్‌ను ప్రత్యేకంగా గుర్తు చేస్తాను. 1971లో కింది జట్టు నుంచి పిలుపొచ్చి, ఆరే లీగ్ మ్యాచ్‌లు ఆడి, ప్లేఆఫ్స్‌లో మాంట్రియల్ గోల్ కాపాడి, కప్ గెలిపించి, ప్లేఆఫ్స్‌లో అత్యుత్తమ ఆటగాడయ్యారు. ఆడుతూనే మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో లా చదివారు. జీతం దగ్గర పేచీ వచ్చినప్పుడు ఒక సీజన్ మొత్తం ఆట మానేసి లాయర్ శిక్షణ పూర్తి చేసుకున్నారు. ఆరు స్టాన్లీ కప్పులతో 31 ఏళ్లకే ఆపేశారు, తర్వాత పార్లమెంటు సభ్యుడు, కేంద్ర మంత్రి అయ్యారు. మెదడు గాయాల గురించి లీగ్‌ను గట్టిగా నిలదీసినవాళ్లలో ఆయన ముందువరుసలో ఉన్నారు. 2025 సెప్టెంబరులో కన్నుమూశారు.

అలాగే కెనడా మహిళల జట్టు క్రీడాకారిణి హేలీ వికెన్‌హైజర్. నాలుగు ఒలింపిక్ స్వర్ణాలు. ఫిన్లాండ్‌లో పురుషుల జట్టులో ఆడి గోల్ చేశారు. ఆట ముగిశాక వైద్యవిద్యలో చేరి 2021లో డాక్టర్ అయ్యారు, మరోవైపు టొరంటో జట్టులో యువ ఆటగాళ్లను తీర్చిదిద్దే బాధ్యత తీసుకున్నారు. వీళ్లిద్దరికీ చదువు, పేరు, ఆసరా ఉన్నాయి. ఈసీహెచ్‌ఎల్‌లో ఆరేళ్లు ఆడి 28 ఏళ్లకు ఆగిపోయినవాడికి ఇవేవీ ఉండవు. చదువు పదహారేళ్లప్పుడే సగంలో ఆగింది, మోకాలు పాడైంది, చేతిలో మిగిలింది తక్కువ. జూనియర్ లీగులు తమ దగ్గర ఆడిన ఏళ్లను బట్టి కాలేజీ ఫీజు కట్టే పద్ధతి ఒకటి ఉంది, చాలా మంచిది. కానీ ప్రొఫెషనల్‌గా కాంట్రాక్ట్ చేసుకుంటే కొంత గడువు తర్వాత ఆ హక్కు పోతుంది. కింది లీగుల్లో అదృష్టం పరీక్షించుకుని తిరిగొచ్చినవాడికే ఆ డబ్బు అవసరం ఎక్కువ. నన్నడిగితే ముందు ఎత్తేయాల్సింది ఆ గడువునే.

సమయం అయింది. ప్రశ్నలుంటే అడగండి, వేవర్స్ నిబంధన గురించి ఇందాక చెయ్యెత్తినవాళ్లతో మొదలుపెడదాం.